ఆరు నిండాయా?

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినిపించదు. ఆసుపత్రిలో చెవుల విభాగం మొత్తం ఆయన్ని మాక్రో మావయ్య అంటుంది. పెద్ద డాక్టరుగారూ అంతే, ఆయాలూ అంతే. ఆఖరికి ప్రింటరు బాగుచేయడానికి నెలకోసారి వచ్చే మనిషి కూడా గుమ్మంలోంచే "మావయ్యా, ఏంటి ఈసారి రోగం?" అంటూ వస్తాడు. యాభై ఏడేళ్ళ మనిషి. కళ్ళజోడుకు నల్ల తాడు కట్టి మెడలో వేసుకుంటాడు. కుర్చీ వెనక గోడ మీద ఆయన తలనూనె మరక గుండ్రంగా పడి ఉంటుంది. పదకొండేళ్ళుగా అదే కుర్చీ, అదే గోడ.

మాక్రో అంటే ఏమిటని మీరు అడగకపోయినా చెప్పాలి, అది తెలియకపోతే ఈయన బాధ తెలియదు. ఆఫీసుల్లో పట్టికలు రాసుకునే ప్రోగ్రాము ఉంటుంది కదా, దాని లోపలే ఒక చిన్న భాష ఉంటుంది. పుట్టిన తేదీ చూడు, వయసు లెక్కకట్టు, నియమానికి సరిపోనివాళ్ళని తీసెయ్యి అని ఆ భాషలో ఒకసారి రాసిపెడితే, మీట నొక్కిన ప్రతిసారీ నోరెత్తకుండా చేసిపెడుతుంది. అలా రాసిపెట్టినదే మాక్రో. మావయ్యకు దాన్ని ఎవరూ నేర్పలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత పెట్టాక మిగిలిన పావుగంటల్లో తనంతట తానే నేర్చుకున్నాడు. ఆ భాషలో పుట్టుకతోనే కొన్ని ఫంక్షన్లు ఉంటాయి. ఒకటి రెండు తేదీల మధ్య తేడా చెబుతుంది. ఒకటి తెర మీద చిన్న పెట్టె తెరిచి అవునా కాదా అని అడుగుతుంది. అవునంటే ఆరు అనే అంకె తెచ్చి ఇస్తుంది, కాదంటే ఏడు. ఎందుకు ఆరు, ఎందుకు ఏడు అంటే ఎవరూ చెప్పలేరు, అది దాని పద్ధతి.

అయితే ఆ తేదీల ఫంక్షనుకు ఒక తిక్క ఉంది. ఏళ్ళలో తేడా చెప్పమంటే అది క్యాలెండరు మీది సంవత్సరాలను మాత్రమే తీసివేస్తుంది. డిసెంబరు ముప్పై ఒకటిన పుట్టిన పిల్లను పట్టుకుని, మర్నాడే, జనవరి ఒకటిన, ఏడాది వయసంటుంది. మావయ్య దీన్ని మొదటి నెలలోనే పట్టుకున్నాడు. "ఓరి నీ తెలివి తెల్లారా! నడుస్తున్న ఏడు వేరు, నిండిన ఏడు వేరు కదయ్యా" అని తెరనే తిట్టి, సొంతంగా ఒక ఫంక్షను రాశాడు. ఈ ఏటి పుట్టినరోజు ఇంకా రాకపోతే ఒకటి తగ్గించెయ్యడం, అదీ దాని పని. దానికి 'నిండాయా' అని పేరు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు మాటే. పదకొండేళ్ళుగా ఆ మాట తప్పు చెప్పలేదు.

దాని మీద ఏం ఆధారపడి ఉందో కూడా వినండి. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు చెవి లోపల పెట్టే యంత్రాలు ఆ ఆసుపత్రికి ఏడాదికి పన్నెండు వస్తాయి. ఉచితంగా పెడతారు. జాబితా తేదీ నాటికి ఆరేళ్ళు నిండి ఉండకూడదు, ఆపైన పెట్టినా మాటలు పట్టుబడవంటారు. నియమానికి సరిపోయినవాళ్ళలో ఎవరు ముందు దరఖాస్తు పెట్టుకుంటే వాళ్ళు ముందు. ఆ జాబితా తీసేది మావయ్య మాక్రో.

ఈ ఏడు ఆ దరఖాస్తుల్లో మావయ్య మనవరాలిది కూడా ఉంది.

ఇంట్లో దాన్ని చిట్టి అంటారు. అని ఏం లాభం, దానికి వినపడదు. వాళ్ళమ్మ దాన్ని పిలవాలంటే నేల మీద కాలితో గట్టిగా రెండుసార్లు తన్నుతుంది. ఆ అదురు అరికాళ్ళకు తగిలి పిల్ల వెనక్కి తిరుగుతుంది. తాతయ్య మాట్లాడుతుంటే చిట్టి వచ్చి ఒళ్ళో కూర్చుని ఆయన గొంతు మీద అరచెయ్యి ఆనించి పెడుతుంది. గొంతు అదిరితే నవ్వుతుంది, ఆగిపోతే చేత్తో తడుతుంది, ఇంకా చెప్పమని. అందుకని ఆయన దానికి ఎక్కాలు చెప్పాడు, బస్సు నంబర్లు చెప్పాడు, నోటికి ఏదొస్తే అది చెప్పాడు. పిల్లకు రెండేళ్ళు దాటినా మాట రానప్పుడు కూతురు కంగారు పడితే, "నువ్వూ లేటుగానే మాట్లాడావే, ఊరికే హైరానా పడకు" అన్నది ఈ మహానుభావుడే. చెవుల విభాగంలో పనిచేస్తూ! ఆ మాట పుణ్యమా అని పరీక్షలు ఆలస్యమయ్యాయి, ఒకటి తరవాత ఒకటి అన్నీ ఆలస్యమై, దరఖాస్తు ఆగస్టులో పడింది. బయట చేయించడం వాళ్ళ తాహతుకు అందని మాట. చిట్టి జనవరి తొమ్మిదిన పుట్టింది. వచ్చే జనవరికి ఆరు నిండిపోతాయి. ఈ జాబితాలో రాకపోతే ఇక ఏ జాబితాలోనూ రాదు.

ఇలా ఉండగా పైనుంచి ఉత్తరువు వచ్చింది. పాత భాషలో మాక్రోలు ఇక నడవనివ్వం, అన్నీ కొత్త భాషలో స్క్రిప్టులుగా మార్చండి అని. మావయ్యకు ప్రాణం పోయినట్టయింది. కంప్యూటర్లు చూసే ఇంజినీరమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి, ఎప్పుడు చూసినా జలుబుతో ఉంటుంది.

"అంత బెంగెందుకు మావయ్యా? పాత భాషలో పుట్టుకతో ఉన్న ఫంక్షన్లని కొత్త స్క్రిప్టులోంచి కూడా పిలవొచ్చు. ఇదిగో, ఈ ఒక్క వరుస పెట్టుకుంటే అది వంతెన. ఆ తరవాత మీ తేదీల దాన్ని పిలవండి, మీ పెట్టె దాన్ని పిలవండి."

"పిలిస్తే పలుకుతాయంటావా?"

"ఎందుకు పలకవు? బ్రహ్మాండంగా పలుకుతాయి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంట్లో పిలిస్తే పలకని పిల్ల ఉన్న మనిషి. ఆ మాట ఆయనకు ఎక్కడ తగిలిందో ఆవిడకు తెలియదు.

నిజంగానే పలికాయి. తేదీల ఫంక్షను పలికింది, పెట్టె తెరుచుకుంది. కానీ 'నిండాయా'ను పిలిస్తే అలాంటిదేదీ లేదని ఎర్రక్షరాల్లో విసుక్కుంది. "అది మీ సొంతది కదా మావయ్యా, వంతెన దాటి రాదు. కొత్త భాషలో మళ్ళీ రాసుకోండి, ఎంతసేపు!" అని ఇంజినీరమ్మ చీదుకుంటూ వెళ్ళిపోయింది. సరే, ముందు మిగతాది నడుస్తుందో లేదో చూద్దామని మావయ్య 'నిండాయా'ను పిలిచే వరుస మొదట్లో ఒక గుర్తు పెట్టాడు. ఆ గుర్తు ఉన్న వరుసను కంప్యూటరు చదవకుండా దాటేస్తుంది. పక్కనే 'తర్వాత చూడాలి' అని రాసుకుని మీట నొక్కాడు.

పన్నెండు పేర్లు వచ్చాయి. పన్నెండో పేరు చిట్టిది.

ఇంకేముంది, లేచి వరండాలోకి పరుగెత్తాడు. ఫోను పట్టుకుని, "వచ్చిందే అమ్మా, వచ్చింది, ఆఖరిది మనదే" అని గట్టిగా అరిచేశాడు. అవతల కూతురు ఏడుస్తూ నేలను రెండుసార్లు తన్నిన చప్పుడు ఆయనకు ఫోనులో వినిపించింది. లోపలికి తిరిగొచ్చి జాబితా అచ్చు వేశాడు. ఆ గుర్తు పెట్టిన వరుస దగ్గరికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. మరిచిపోయాడా, మరవాలనిపించిందా అంటే, ఆయన ఇప్పటికీ మరిచిపోయాననే అంటాడు. నేనైతే ఒట్టేసి చెప్పలేను.

వారం తరవాత, నవంబరు పద్నాలుగు తేదీ వేసిన ఆ జాబితాను పొద్దున్న పదింటికి నోటీసు బోర్డు మీద అంటించారు. అభ్యంతరాలేమైనా ఉంటే సాయంత్రం నాలుగు లోపు చెప్పాలి, ఆపైన మార్చరు.

పదకొండు గంటలకు ఒకావిడ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, కుట్టుమిషను ముందునుంచి లేచి వచ్చినట్టుంది. వెంట కొడుకు. వాణ్ణి గోడ పక్కన బల్ల మీద కూర్చోబెట్టి ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చింది.

"సార్, మా వాడి పేరు లేదండీ. ఫిబ్రవరిలోనే పెట్టాను దరఖాస్తు. నాకంటే వెనక పెట్టినవాళ్ళ పేర్లున్నాయి."

మావయ్య తెర మీద వెతికాడు. "వయసు దాటిందమ్మా. ఆరేళ్ళ లోపువాళ్ళకే."

"ఆరు నిండలేదండీ."

"ఇక్కడ ఆరని చూపిస్తోందమ్మా."

"నడుస్తోందండీ, ఆరోది నడుస్తోంది! డిసెంబరు ఇరవై ఎనిమిదికి నిండుతాయి. కంప్యూటరుకేం తెలుసు సార్, కన్నదాన్ని నేను కదా!" అంటూ ఆవిడ జనన ధ్రువపత్రం తీసి కిటికీ లోంచి తోసింది. మడతల దగ్గర చిరిగిపోతే బట్టకు అంచు కుట్టినట్టు టేపు అంటించి ఉంది దానికి.

నిండలేదు అన్న మాట చెవిన పడగానే మావయ్య చేతివేళ్ళ మీద లెక్క పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

"కూర్చోండమ్మా, చూస్తాను" అన్నాడు. ఆ మాట ఎలా అన్నాడో ఆయనకే తెలియదు.

స్క్రిప్టు తెరిచాడు. ఎక్కడుందో వెతకక్కరలేదు, చెయ్యి దానంతట అదే అక్కడికి వెళ్ళింది. 'నిండాయా'. ముందు గుర్తు, పక్కన 'తర్వాత చూడాలి'. ఆవిడ కొడుకు డిసెంబరు ఇరవై ఎనిమిది, చిట్టి జనవరి తొమ్మిది. ఇద్దరికీ మధ్య పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజుల మధ్యలో క్యాలెండరు మారింది కాబట్టి తేదీల ఫంక్షను వాడికి ఆరు వేసింది, దీనికి అయిదు వేసింది. వాడి పేరు ఎగిరిపోయింది. వాడు ఎగిరిపోయినందుకు పదమూడోదిగా ఉండాల్సిన చిట్టి పన్నెండోదిగా పైకి వచ్చింది.

అప్పుడాయన చేసిన పని చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. మిగిలిన పదకొండుమంది పిల్లల దరఖాస్తులు ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఇంకెవరిదైనా లెక్క తప్పి ఉండాలి, ఎవరికైనా ఒక్కరికి నిజంగానే ఆరు నిండి ఉండాలి దేవుడా అనుకుంటూ ఒక్కో తేదీనీ వేలు పెట్టి చూశాడు. ఒక ధ్రువపత్రం మీద అంకె అలుక్కుపోయి మూడో ఎనిమిదో తెలియకుండా ఉంటే కిటికీ వెలుతురులో పెట్టి ఎంతసేపు చూశాడో! ఎవరో ఒక తల్లి కన్నపిల్లను తీసెయ్యడానికి ఒక సందు కోసం వెతుకుతున్నాడన్న సంగతి సగంలో స్ఫురించింది. అయినా ఆగలేదు, చివరి దరఖాస్తు దాకా చూశాడు. అందరివీ సరిగ్గానే ఉన్నాయి.

పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాడు.

"సార్, పదమూడోది ఒకటి ఏమైనా దొరుకుతుందా?"

"పన్నెండు యంత్రాలే వచ్చాయి మావయ్యా. ఎందుకు?"

"ఊరికే సార్."

"మీ మనవరాలిది వచ్చింది కదా, ఇంకేం? మొహం అలా వేలాడేశారేంటి? మొన్నే అన్నాను కదా, మీ పిల్ల పేరున్నా ఫరవాలేదు, లెక్క చేసేది మిషనే కదా అని."

మావయ్య తలూపి బయటికి వచ్చేశాడు. చెప్పేసి ఉంటే అప్పుడే తేలిపోయేది. చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. 'నిండాయా'ను కొత్త భాషలో రాయడానికి కూర్చున్నాడు. ఎనిమిది వరుసలు, పావుగంట పని. వేళ్ళు అక్షరాలు తప్పుతుంటే మూడు గంటలు పట్టింది. తప్పులు వచ్చిన ప్రతిసారీ లోపల ఏదో ఊరట కలిగేది. ఇది నడవకపోతే బాగుండును, నడవలేదని చెప్పుకోవచ్చు అనుకున్నాడు. మూడున్నరకి అది నడిచింది. కుట్టుపని ఆవిడ కొడుకు నాలుగో స్థానంలోకి వచ్చాడు. ఒక్కొక్కరూ ఒక మెట్టు దిగారు. చిట్టి పదమూడు.

తెర మధ్యలో పెట్టె తెరుచుకుంది. అందులో ఆయన రాసుకున్న మాటలే: 'పాత జాబితా తీసేసి ఇది పెట్టమంటారా?' వంతెన అవతలనుంచి పిలిపించుకున్న పెట్టె అది. పిలిస్తే పలికిందని మురిసిపోయాడే, అదే. ఇప్పుడు పలికి, జవాబు చెప్పమని ఎదురుగా నిలబడింది.

కాదు అని నొక్కితే చాలు. ఎవరికి తెలుస్తుంది? ఆవిడకు స్క్రిప్టు చదవడం రాదు. ఇంజినీరమ్మ మళ్ళీ తెరిచి చూడదు. కాదు అంటే ఏడు, మళ్ళీ పొద్దుటి జాబితాయే. పెట్టెను తెర మీద అలాగే ఉంచి ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంజినీరమ్మ అటు వెళుతూ తొంగి చూసింది. "ఏంటి మావయ్యా, పెట్టెకేసి అలా చూస్తున్నారు? బొమ్మా బొరుసా వేస్తున్నారా?"

"జవాబు అడుగుతోందమ్మా."

"అవునో కాదో నొక్కేస్తే పోలా! దానికింత ఆలోచనా?" అని ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నాలుగింటికి పది నిమిషాలున్నాయి. అప్పుడు కిటికీ అవతల ఠప్ ఠప్ మని చప్పుడైంది. తల ఎత్తి చూశాడు. బల్ల మీది కుర్రాడు లేచి మెట్ల దాకా నడిచి వెళ్ళాడు. వాళ్ళమ్మ లేవలేదు, పేరు పెట్టి పిలవలేదు. చెప్పు విడిచి నేల మీద కాలితో రెండుసార్లు గట్టిగా తన్నింది. వాడు వెనక్కి తిరిగాడు, నవ్వుకుంటూ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

ఆ పిలుపు తన ఇంట్లో తన కూతురు కనిపెట్టుకున్నదనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు మావయ్య. ఆవిడా అదే కనిపెట్టుకుంది, తనంతట తానే. ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది. కళ్ళజోడు తాడు నోట్లో పెట్టి కొరుకుతూ, అవును అని నొక్కాడు. లోపల ఆరు అనే అంకె వెళ్ళి ఎక్కడో పడింది. పని అయిపోయింది.

కొత్త కాగితం తీసుకెళ్ళి బోర్డు మీద తానే అంటించాడు. కుట్టుపని ఆవిడ అందులో కొడుకు పేరు చదువుకుంది, మళ్ళీ చదువుకుంది, ఉన్నపళంగా ఆయన చేతులు రెండూ పట్టుకుంది. "మీ కడుపు చల్లగా ఉండాలి సార్. మీ పిల్లలు బాగుండాలి" అంది. ఆయన చేతులు విడిపించుకోలేదు. ఆవిడ టేపు చివర ఆయన చొక్కా గుండీకి తగులుకుంటే విడదీసుకుని కొడుకును తీసుకుని వెళ్ళింది.

తరవాత పెద్ద డాక్టరుగారికి సంగతంతా చెప్పాడు, వారం కిందటి గుర్తుతో సహా. ఆయన కొత్త జాబితాను పైనుంచి కిందిదాకా చదివాడు. చివరికి, "వెయిటింగులో మొదటి పేరు మీదే కదా మావయ్యా. ఎవరైనా తప్పుకుంటే..." అని సగంలో ఆపేశాడు. ఎవరైనా తప్పుకోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఒక పిల్లకు జ్వరం తగ్గకపోవాలి, ఒక పిల్లవాడి పరీక్షలో ఏదో తేడా రావాలి. అదీ చిట్టికి ఆరు నిండే లోపు. మావయ్య ఇంటికి నడుస్తూ ఆ పన్నెండుమందినీ ఒక్కొక్కళ్ళనే తలుచుకున్నాడు. వీళ్ళలో ఎవరు కాస్త బలహీనంగా కనిపించారా అని ఆలోచిస్తున్నట్టు తెలిసి, రోడ్డు పక్కన ఆగి, గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

కూతురు గుమ్మంలోనే ఉంది. సంగతి ఫోనులోనే చెప్పాడు, అందుకని మొహం చూడనివ్వకుండా పక్కకు తిరిగి నిలబడింది.

"ఆ వరుస ఎవరు చూశారు నాన్నా?"

"నేనే."

"నువ్వు తప్ప ఇంకెవరైనా చూశారా?"

"లేదమ్మా."

"మరి నువ్వెందుకు చూశావు? వారం రోజులు చూడనివాడివి ఇవాళెందుకు చూశావు నాన్నా!" అని ఆవిడ తలుపు చెక్క మీద నుదురు ఆనించి ఏడ్చింది. "లేటుగా మాట్లాడుతుందిలే అన్నదీ నువ్వే, వచ్చిందే అమ్మా అన్నదీ నువ్వే, ఇప్పుడు లేదన్నదీ నువ్వే" అంది.

వీళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి చిట్టి వచ్చింది. ఆయన్ని కుర్చీలోకి తోసి ఒళ్ళో ఎక్కింది. వారంగా దానికి వాళ్ళమ్మ రోజూ ఒక సైగ నేర్పుతోంది, చెవి పట్టుకుని చూపించి, రెండు చేతులూ పువ్వు విచ్చుకున్నట్టు తెరవడం. అది చేసి చూపించింది. ఆయన చెయ్యలేదు. సరే ఇంకో ఆట అనుకుందేమో, అరచెయ్యి ఆయన గొంతు మీద ఆనించింది. గొంతు అదరలేదు. చేత్తో తట్టింది. మళ్ళీ తట్టింది, గట్టిగా.

జనవరి తొమ్మిదికి ఇంకా యాభై ఆరు రోజులున్నాయి.

"నిండలేదమ్మా," అన్నాడు మావయ్య. చిట్టి అరచెయ్యి కింద గొంతు అదిరింది, పిల్ల నవ్వింది. "ఇంకా నిండలేదు. నిండలేదమ్మా." ఆగిపోతే పిల్ల తట్టింది. ఆయన అదే మాట మళ్ళీ చెప్పాడు.